బరువైన సైకిల్, నిదానమైన ప్రయాణం: షేరింగ్ సైకిళ్ళు ఎందుకు సురక్షితం, ఎక్కడ కావు

2013 మే నెలలో న్యూయార్క్‌లో సిటీ బైక్ పేరుతో, ఒక స్టేషన్‌లో అద్దెకు తీసుకుని మరో స్టేషన్‌లో వదిలేసే షేరింగ్ సైకిళ్ళు రోడ్డెక్కుతున్నప్పుడు చాలామంది భయపడ్డారు. ఆ భయానికి కారణాలు లేకపోలేదు. డబ్బు కట్టిన ఎవరికైనా సైకిల్ చేతికొస్తుంది. తొక్కేవాళ్ళలో కొందరికి సైకిల్ అలవాటు తప్పి ఏళ్ళు గడిచి ఉంటాయి, కొందరికి ఆ ఊరే కొత్త. హెల్మెట్ వెంట తెచ్చుకునేవాళ్ళు తక్కువ. పైగా టాక్సీలు, లారీలు, బస్సులతో కిక్కిరిసిన వీధులు. ఇవన్నీ కలిస్తే వరసగా ప్రాణాలు పోతాయని ఊహించడం సహజమే. అలా జరగలేదు. ఆ సైకిళ్ళ మీద వెళుతూ మనిషి చనిపోయిన మొదటి ఘటన 2017 జూన్‌లో, అంటే నాలుగేళ్ళు దాటాక జరిగింది. అమెరికా మొత్తంలో తొలి మరణం 2016లో షికాగోలో నమోదైంది. అప్పటికే ఆ దేశంలోని షేరింగ్ సైకిళ్ళ మీద కోట్ల ట్రిప్పులు పూర్తయ్యాయి.

ఇది కేవలం అదృష్టమేనా? 2016లో కాలిఫోర్నియాలోని మినేటా ట్రాన్స్‌పోర్టేషన్ ఇన్‌స్టిట్యూట్ ప్రచురించిన అధ్యయనం ఇదే ప్రశ్న వేసుకుంది. వాషింగ్టన్, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం, మినియాపోలిస్ నగరాల లెక్కలు పరిశీలించింది. సొంత సైకిళ్ళతో పోలిస్తే షేరింగ్ సైకిళ్ళకు ప్రమాదాలు తక్కువగానే కనిపించాయి. తొక్కేవాళ్ళ నైపుణ్యమో జాగ్రత్తో దీనికి కారణం కాదు, ప్రధాన కారణం సైకిల్ తయారీలోనే ఉండవచ్చని పరిశోధకులు భావించారు. బరువైన ఫ్రేము, లావు టైర్లు, తక్కువ గేర్లు, ఎప్పుడూ వెలిగే లైట్లు, దూరం నుంచే కంటపడే రంగు. దాన్ని వేగంగా తొక్కుదామన్నా కుదరదు.

తమాషా ఏమిటంటే, ఈ బరువంతా భద్రత కోసం పెట్టింది కాదు, దొంగల భయంతో పెట్టింది. షేరింగ్ సైకిళ్ళ చరిత్ర చాలావరకు దొంగతనాల చరిత్రే. 1965లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రోవో అనే యువజన బృందం తెల్ల రంగు వేసిన సైకిళ్ళను తాళాల్లేకుండా వీధుల్లో వదిలింది. ఎవరైనా ఎక్కి, దిగినచోట వదిలేయవచ్చన్నది ఆలోచన. తాళం వేయని సైకిల్ దొంగతనాన్ని ప్రోత్సహించినట్టేనని పోలీసులు వాటిని ఎత్తుకుపోయారు. 1995లో కోపెన్‌హాగెన్ నాణెం వేస్తే తాళం తెరుచుకునే పద్ధతి తెచ్చింది. ఎవరు తీసుకున్నారో తెలిసే మార్గం లేనందువల్ల అక్కడా సైకిళ్ళు మాయమయ్యాయి. 1998లో ఫ్రాన్స్‌లోని రెన్ నగరం కార్డుతో పనిచేసే పద్ధతి పెట్టాక, తీసుకున్న మనిషి ఎవరో రికార్డులో ఉండడం మొదలైంది. 2005లో లియోన్, 2007 జూలైలో పారిస్ ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున అమలు చేశాయి. ఆ తర్వాత మాంట్రియల్, లండన్, వాషింగ్టన్, న్యూయార్క్ వరసకట్టాయి.

విడదీసి అమ్ముకోవడానికి పనికిరాని భాగాలు, మామూలు పానాలతో ఊడని బోల్టులు, లోపలే దాగిన తీగలు, ఎంతమంది ఎక్కినా వంగని ఫ్రేము. ఇవన్నీ చేరి పారిస్, లండన్ తొలితరం సైకిళ్ళ బరువు 22, 23 కిలోలకు చేరింది. మామూలు సైకిల్ బరువు 12 నుంచి 15 కిలోలు ఉంటుంది. దొంగను నిరుత్సాహపరచడానికి చేర్చిన బరువు తొక్కేవాడి వేగాన్నీ తగ్గించింది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే సైకిల్ ఒక్క సెకనులో దాదాపు 4 మీటర్లు కదులుతుంది, 25 కిలోమీటర్ల వేగంలో దాదాపు 7 మీటర్లు. ప్రమాదాన్ని చూసి చెయ్యి బ్రేకు మీదికి వెళ్ళేలోపు జరిగే దూరమిది. ఇక ఢీకొన్నప్పుడు దెబ్బ తీవ్రతను నిర్ణయించే గతిశక్తి వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, రెండో సందర్భంలో అది రెండున్నర రెట్లకు పైనే ఉంటుంది.

మరో కారణం జనం సంఖ్య. 2003లో పీటర్ జాకబ్‌సెన్ అనే పరిశోధకుడు వేర్వేరు ప్రాంతాల లెక్కలు పోల్చి చూశాడు. నడిచేవాళ్ళు, సైకిల్ తొక్కేవాళ్ళు రెట్టింపైన చోట ప్రమాదాలు రెట్టింపు కావడం లేదని, ఒక్కొక్కరికీ ఉన్న ముప్పులో దాదాపు మూడో వంతు తగ్గుతోందని ఆయన అంచనా వేశాడు. రోజూ సైకిళ్ళను చూసే డ్రైవరు మలుపు తిప్పేముందు వాటికోసం కూడా చూస్తాడు, ఎప్పుడో ఒకటి కనిపించే ఊళ్ళో చూడడు. అయితే దీన్ని సూత్రంగా పట్టుకోకూడదు. జనం పెరగడం వల్ల రోడ్లు క్షేమమయ్యాయా, రోడ్లు క్షేమంగా ఉన్నందువల్లే జనం పెరిగారా అన్నది తేల్చడం కష్టం. రెండూ కొంత నిజమై ఉండవచ్చు. షేరింగ్ సైకిళ్ళు ఎక్కువగా తిరిగేది నగరం నడిబొడ్డున, ట్రాఫిక్ ఎలాగూ నెమ్మదిగా కదిలే చోట అన్నదీ గుర్తుంచుకోవాలి. అవే సైకిళ్ళు శివార్లలోని హైవే మీద తిరిగితే లెక్కలు ఇలా ఉండవు.

హెల్మెట్ విషయానికొస్తే వాదన ఎప్పుడూ వేడెక్కుతుంది. కింద పడినప్పుడు తలకు తగిలే దెబ్బను హెల్మెట్ తగ్గిస్తుంది, అందులో వాదనకు చోటు లేదు. కానీ అప్పటికప్పుడు సైకిల్ తీసుకునే పద్ధతికీ తప్పనిసరి హెల్మెట్ చట్టానికీ పొసగదని పలు నగరాల అనుభవం చెబుతోంది. హెల్మెట్ చట్టం ఉన్న మెల్‌బోర్న్‌లో 2010లో మొదలైన పథకం ఆశించినంత ఆదరణ పొందక 2019లో మూతపడింది. మెక్సికో సిటీ 2010లో తన పథకం మొదలుపెడుతూ ఆ నిబంధనను ఎత్తేసింది. ఇజ్రాయెల్ కూడా 2011లో నగరాల్లో తొక్కే పెద్దవాళ్ళకు మినహాయింపు ఇచ్చింది. చట్టం చేయాలా వద్దా అన్నది ప్రభుత్వాల తలనొప్పి. రోజూ ఆఫీసుకు ఇదే సైకిల్ మీద వెళ్ళే మనిషి సంచిలో హెల్మెట్ పెట్టుకోవడానికి ఆ వాదన తేలేదాకా ఆగనక్కర్లేదు. చట్టం ఉన్న ఊళ్ళో అయితే అసలు ప్రశ్నే లేదు.

సొంత సైకిల్‌కూ షేరింగ్ సైకిల్‌కూ అసలు తేడా సైకిల్ తీసే ముందే మొదలవుతుంది. సొంతదాని బ్రేకు ఎంత పట్టుతుందో చేతికి తెలుసు. ఇది మాత్రం అరగంట ముందు ఎవరి చేతిలో ఉందో, ఏ గుంటలో పడిందో తెలియదు. పారిస్‌లో పాడైన సైకిల్ సీటును వెనక్కి తిప్పి వదలడం వాడుకరులు తమకు తామే చేసుకున్న అలవాటు. యాప్‌లో అది బాగున్నట్టు చూపించినా, తిరిగి ఉన్న సీటును చూసి పక్కదాన్ని తీసుకుంటారు. న్యూయార్క్‌లో డాక్ మీద, అంటే స్టేషన్‌లో సైకిల్‌ను తాళం వేసి నిలిపే స్టాండు మీద, పానా గుర్తున్న బటన్ ఉంటుంది, దాన్ని నొక్కితే ఆ సైకిల్ మరమ్మతుల జాబితాలో చేరుతుంది. తాళం తెరవకముందే టైర్లు వేళ్ళతో నొక్కి చూడడం, రెండు బ్రేకులూ పట్టి చూడడం, హ్యాండిల్ వంకరగా ఉందేమో గమనించడం అర నిమిషం పని. తాళం తెరిచాక లోపం తెలిస్తే వెంటనే అదే డాక్‌లో పెట్టేసి మరొకటి తీసుకోవాలి. పర్లేదులే, దగ్గరేగా అనుకుని బయల్దేరడం అందరూ చేసేదే, చేయకూడనిది కూడా అదే.

బ్రేకుల గురించి ఒక విషయం ప్రయాణికులకు ఎవరూ చెప్పరు. ముందు చక్రం బ్రేకు ఏ చేతివైపు ఉంటుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో, యూరప్‌లోని చాలా దేశాల్లో అది ఎడమ చేతికి ఉంటే, బ్రిటన్‌లో కుడి చేతికి ఉంటుంది. కంగారులో అలవాటైన చేతితో ఒక్కటే గట్టిగా పట్టేస్తే, వెనుక చక్రానికి పడుతుందనుకున్నది ముందు చక్రానికి పడుతుంది. కొన్ని సైకిళ్ళకు పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు కూడా ఉంటుంది. మొదటి వంద మీటర్లు ఖాళీ జాగాలో తొక్కి, రెండు బ్రేకులనూ కలిపి మెల్లగా పట్టి చూసుకుంటే ఈ గందరగోళం ఉండదు. సీటు ఎత్తు కూడా అప్పుడే సరిచేసుకోవాలి. పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. ముందు బుట్టలో బరువైన సంచి పెడితే హ్యాండిల్ ఒకవైపు లాగుతుంది, వేలాడే స్కార్ఫ్ చక్రంలో చుట్టుకుంటుంది.

భద్రత గురించి రాసేవాళ్ళు సాధారణంగా వదిలేసే అంశం ఒకటుంది, అది గడియారం. చాలా పథకాల్లో మొదటి 30 లేదా 45 నిమిషాలు పాస్‌లోనే కలిసి ఉంటాయి, ఆ తర్వాత అదనపు ఛార్జీ. సైకిళ్ళు ఒకరి దగ్గరే ఉండిపోకుండా చేతులు మారాలన్నది ఈ ఏర్పాటు ఉద్దేశం. ఉద్దేశం సరైనదే. కానీ 27వ నిమిషంలో గమ్యం దగ్గరి స్టేషన్‌కు చేరి, అక్కడ డాక్‌లన్నీ నిండిపోయి కనిపిస్తే మనిషి ఏం చేస్తాడు? ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఖాళీ డాక్ వెతుకుతూ, ఎర్ర లైటు పడకముందే కూడలి దాటేయాలని చూస్తాడు. నిదానంగా వెళ్ళడానికి తయారైన సైకిల్ మీద టెన్షన్‌తో తొక్కించేది ఈ లెక్కే. లండన్ వంటి చోట్ల స్టేషన్ నిండినప్పుడు అక్కడి యంత్రంలో నమోదు చేస్తే అదనంగా 15 నిమిషాలు ఇచ్చే ఏర్పాటు చేశారు. పారిస్ కొంతకాలం పాటు ఎత్తు మీది స్టేషన్‌లకు సైకిల్ చేర్చినవాళ్ళకు బోనస్ నిమిషాలు ఇచ్చింది. ఈ వెసులుబాట్లు ఉన్నాయని తెలియక పరుగెత్తేవాళ్ళే ఎక్కువ. యాప్‌లో గమ్యం దగ్గరి స్టేషన్‌తో పాటు దాని పక్క స్టేషన్‌ను కూడా బయల్దేరే ముందే చూసి పెట్టుకోవాలి. పది నిమిషాల అదనపు ఛార్జీ ఎంతో కూడా ముందే తెలిసి ఉంటే, దానికోసం లారీ పక్కన దూరాలనిపించదు.

ఇక రోడ్డు మీద. కొత్తవాళ్ళకు వెనుక నుంచి వచ్చే వాహనమంటే భయం, అందుకే రోడ్డు అంచును పట్టుకుని వెళతారు. నగరంలో అంతకంటే ఎక్కువ దెబ్బలు తగిలేది కూడళ్ళ దగ్గర, ఆగి ఉన్న కార్ల దగ్గర. అంచుకు అతుక్కుంటే ఈ రెండు ముప్పులూ పెరుగుతాయి. కారు తలుపు పూర్తిగా తెరిస్తే దాదాపు ఒక మీటరు బయటికి వస్తుంది. ఆగి ఉన్న కార్ల వరసకు ఒకటిన్నర మీటర్ల దూరంలో, వంకర్లు పోకుండా తిన్నగా వెళ్ళాలి. రెండు కార్ల మధ్య ఖాళీ కనిపించిందని లోపలికి, మళ్ళీ బయటికి జరుగుతూ ఉంటే వెనుకవాళ్ళకు అంచనా దొరకదు. సన్నని వీధిలో లేన్ మధ్యకు జరగడమూ తప్పు కాదు. కార్లో కూర్చున్నవాళ్ళ వైపు నుంచి దీనికో మంచి అలవాటుంది. తలుపును దానికి దగ్గరగా ఉన్న చేత్తో కాకుండా అవతలి చేత్తో తెరిస్తే ఒళ్ళు తిరిగి చూపు వెనక్కి వెళుతుంది. నెదర్లాండ్స్ పేరుతో ప్రచారంలో ఉన్న ఈ పద్ధతిని బ్రిటన్ 2022లో తన రోడ్డు నియమావళిలో చేర్చింది.

అన్నిటికంటే ప్రాణాంతకమైనది మలుపు తిరిగే పెద్ద వాహనం. పొడవైన లారీ, బస్సు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో నడవవు, మూల వైపు బాగా లోపలికి జరిగి వస్తాయి. అందుకే డ్రైవరు ముందుగా అవతలి వైపుకు కాస్త తిప్పి, ఆ తర్వాత ఇవతలికి మలుపు తీసుకుంటాడు. ఆ క్షణంలో అంచు వైపున వెడల్పాటి ఖాళీ కనిపిస్తుంది. సైకిల్ మీదున్నవాడికి అది దారి ఇచ్చినట్టు అనిపిస్తుంది. రెండు మూడు సెకన్లలో ఆ ఖాళీ మూసుకుపోతుంది. ఎత్తైన క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవరుకు సరిగ్గా ఆ చోటే కనిపించదు. లారీ అద్దంలో డ్రైవరు మొహం కనిపించడం లేదంటే అతనికీ తాము కనిపించడం లేదని సైకిల్ మీదున్నవాళ్ళు లెక్క వేసుకోవాలి. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న లారీ పక్కకు దూరి ముందుకు పోవడం కంటే దాని వెనుకే ఆగడం మేలు. లండన్ నగరం 12 టన్నులు దాటిన లారీలకు డ్రైవరు సీటులోంచి నేరుగా ఎంత కనిపిస్తుందో కొలిచి నక్షత్రాల రేటింగ్ ఇస్తోంది. 2021 మార్చి నుంచి ఆ రేటింగ్‌ను బట్టి ఇచ్చే పర్మిట్ లేని లారీలకు జరిమానా వేస్తోంది, 2024లో ప్రమాణాన్ని ఇంకా పెంచింది. ఎదుటివాడు జాగ్రత్తగా ఉండాలని చెప్పి ఊరుకోకుండా వాహనం కిటికీల మీద దృష్టి పెట్టడం సరైన ఆలోచన.

ఎదురు దిశలో తొక్కడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పక్క వీధి నుంచి వచ్చే డ్రైవరు వాహనాలు వచ్చే వైపే చూస్తాడు, అటువైపు నుంచి రాని సైకిల్ అతని లెక్కలో ఉండదు. ఫుట్‌పాత్ మీద తొక్కినా చిక్కు అదే, పైగా నడిచేవాళ్ళకు ఇబ్బంది. తప్పనిసరైతే దిగి నెట్టుకుంటూ వెళ్ళడమే. ట్రామ్ పట్టాలున్న ఊళ్ళలో వాటిని వీలైనంత అడ్డంగా దాటాలి, ఏటవాలుగా దాటితే చక్రం గాడిలో ఇరుక్కుంటుంది. వాన పడ్డాక పట్టాలు, మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీది తెల్ల గీతలు జారుతాయి, వాటి మీద బ్రేకు వేయకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కడాన్ని ఫ్రాన్స్ 2015లోనే నిషేధించింది. చట్టం లేని చోట కూడా వెనుక వచ్చే ఇంజిన్ చప్పుడును చెవి పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. పార్టీ ముగిశాక కారు నడపకూడదని షేరింగ్ సైకిల్ ఎక్కేవాళ్ళు మరో పొరపాటు చేస్తారు. తాగి సైకిల్ తొక్కడం కూడా చాలా దేశాల్లో నేరమే.

దారి ఎంపిక మీద ఇంకాస్త శ్రద్ధ పెట్టవచ్చు. ఫోన్‌లోని మ్యాప్ సైకిల్ గుర్తు ఎంచుకోకపోతే కార్ల దారినే చూపిస్తుంది. ఎంచుకున్నా దగ్గరి దారికే మొగ్గు చూపవచ్చు. ఐదు నిమిషాలు ఎక్కువైనా, విడిగా సైకిల్ లేన్ ఉన్న వీధి లేదా వాహనాలు తక్కువగా తిరిగే లోపలి వీధి మంచిది. స్పెయిన్‌లోని సెవిల్ నగరం దీనికి పెద్ద ఉదాహరణ. 2006 తర్వాతి కొన్నేళ్ళలోనే కార్లనుంచి వేరుచేసిన సైకిల్ దారులు ఒకదానికొకటి కలిసేలా 120 కిలోమీటర్ల దాకా వేశారు, 2007లో షేరింగ్ సైకిళ్ళు ప్రవేశపెట్టారు. అంతకుముందు సైకిల్ దాదాపు కనిపించని ఊరు అనతికాలంలో సైకిళ్ళ ఊరైంది. దారులు వేయకుండా సైకిళ్ళు మాత్రమే పెట్టే నగరాలు తొక్కేవాళ్ళను ట్రాఫిక్‌లోకి తోసి చేతులు దులుపుకుంటున్నాయి, వాటి ప్రచార ఫోటోలు ఎంత అందంగా ఉన్నా సరే.

ఇప్పటిదాకా చెప్పిన సమీకరణాన్ని మార్చేస్తున్నది ఎలక్ట్రిక్ సైకిల్. బరువు ఉంది, అదీ మరింత పెరిగింది, కానీ ఆ బరువు ఇప్పుడు వేగాన్ని తగ్గించడం లేదు. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం 250 వాట్ల మోటారు, తొక్కుతున్నప్పుడు మాత్రమే, గంటకు 25 కిలోమీటర్ల వేగం వరకే సాయం చేయాలి. అమెరికాలో పరిమితి ఇంకా ఎక్కువ. అలవాటు లేని మనిషి కూడా మొదటి తొక్కులోనే ముందుకు దూసుకుపోతాడు. 2019 ఏప్రిల్‌లో న్యూయార్క్, వాషింగ్టన్, శాన్‌ఫ్రాన్సిస్కోలలో వేల ఎలక్ట్రిక్ సైకిళ్ళను ఒక్కసారిగా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, కారణం ముందు బ్రేకు ఊహించినదానికంటే గట్టిగా పట్టేయడం, కొందరు హ్యాండిల్ మీది నుంచి పడి గాయపడడం. 2023లో సిటీ బైక్ తన ఎలక్ట్రిక్ సైకిళ్ళ గరిష్ఠ వేగాన్ని గంటకు 20 మైళ్ళ నుంచి 18కి తగ్గించింది.

అయినా కూడలి దగ్గర ఒక చిక్కు మిగిలే ఉంటుంది. మలుపు తిప్పబోతున్న డ్రైవరు దూరంగా వస్తున్న సైకిల్‌ను చూసి, అది మామూలు సైకిల్ వేగంతోనే వస్తుందని అంచనా కడతాడు. అదే సైకిల్ ఎలక్ట్రిక్‌దైతే అతను అనుకున్నదానికి రెండు సెకన్ల ముందే అక్కడికి చేరుతుంది. డ్రైవర్ల అంచనాలు మారేదాకా, ఎలక్ట్రిక్ సైకిల్ మీదున్నవాళ్ళు కూడలికి చాలా ముందే పెడల్ ఆపి మామూలు సైకిల్ వేగానికి దిగిరావాలి, ముందు బ్రేకును ఒక్కసారిగా కాకుండా వెనుకదానితో కలిపి మెల్లగా పట్టాలి. మొదటిసారి ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకునేవాళ్ళు వాన లేని పగటిపూట, రద్దీ లేని వీధిలో ఎక్కితే, ఆ మోటారు ఎప్పుడు అందుకుంటుందో, ఎప్పుడు వదులుతుందో చేతికీ కాలికీ తెలుస్తుంది.